ఏమీ తేలలేదు

మా నాన్న సముద్రాన్ని మొదటిసారి చూసింది అరవై దాటాక. అదీ పరుపుల పని మీద. చిలకలూరిపేటలో బస్సెక్కితే పర్చూరు మీదుగా చీరాల, అక్కణ్ణించి ఆటోలో ఓడరేవు. పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. అంత దగ్గర్లో సముద్రాన్ని పెట్టుకుని మా ఇంట్లో ఎవరికీ వెళ్ళి చూడాలన్న ఆలోచనే రాలేదు. మాకు దూది చాలు. పెరట్లో దూది, వంటింట్లో దూది, అన్నంలో దూది, నాన్న కనుబొమల మీద దూది.

మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. తాత విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి, జనాల వసారాల్లో కూర్చుని ఏకేవాడు. నాన్న కుర్రతనంలో ఆ విల్లే పట్టాడు గానీ పెళ్ళయ్యాక పెరట్లో రేకుల షెడ్డు వేసి మిషను పెట్టాడు. మిషన్లో దూది వేస్తే నూగు లేచి షెడ్డంతా కమ్ముకునేది. లోపల మనిషి ఉన్నాడో లేడో గుమ్మంలోంచి కనపడేది కాదు. ఆ మోతకి నాన్నకి చెవులు మందగించాయి. అందుకే మా ఇంట్లో అందరం అరుచుకుంటూ మాట్లాడుకుంటాం. మేం రోజూ పోట్లాడుకుంటామని ఇరుగుపొరుగు అనుకునేవాళ్ళు. కొన్ని రోజులు వాళ్ళు అనుకున్నదే నిజం.

ముక్కుకి గుడ్డ కట్టుకోమని అమ్మ మొత్తుకునేది. "గుడ్డ కట్టుకుంటే నాకు ఊపిరాడదే" అనేవాడు. కట్టుకోకపోతే ఆడుతున్నట్టు!

నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. పెళ్ళయ్యాక కూడా అమ్మావాళ్ళ వెనక వీధిలోనే కాపురం. అందువల్ల నాన్న దగ్గు నాకు మా ఇంట్లోకే వినపడేది. మొదట్లో పొద్దున పూట మాత్రమే దగ్గేవాడు. తర్వాత అన్నం తింటుంటే దగ్గు, నవ్వితే దగ్గు, నమాజుకి వంగితే దగ్గు. "దూది పనోళ్ళకి దగ్గు రాకపోతే ఎవరికొస్తది, కలెక్టరుకా?" అని కొట్టిపారేసేవాడు.

ఓడరేవులో లాడ్జి నడిపే ఒకాయన, ఉప్పుగాలికి గడ్డకట్టిన పాత పరుపులు విప్పి మళ్ళీ ఏకించాలని కబురు చేశాడు. ఇప్పుడంతా ఫోమ్ పరుపుల రోజులు. దూది పరుపు ఏకించేవాళ్ళు తగిలితే నాన్నకి చుట్టాలొచ్చినంత సంబరం. ఆదివారం చూసుకుని బయల్దేరాడు. ఆ దగ్గుతో ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేనూ వెంటపడ్డాను.

చలికాలం పొద్దున. సముద్రం పెద్దగా అలల్లేకుండా నెమ్మదిగా ఉంది. ఆటో దిగి ఇసుకలోకి నాలుగడుగులు వేశాడో లేదో నాన్న ఆగిపోయాడు. ఆయాసం వచ్చిందేమోనని చెయ్యి పట్టుకున్నాను. అది కాదు. నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటున్నాడు.

"అమ్మాయ్, ఇక్కడ ఊపిరాడతందే!" అన్నాడు.

ఎవరో తన వస్తువు తిరిగి ఇచ్చినట్టుగా అన్నాడు ఆ మాట. ఇంతకాలం ఆడటం లేదన్న సంగతి ఆయన ఒప్పుకున్నది అదే మొదటిసారి.

లాడ్జికి పోకుండా అక్కడే నిలబడి నీళ్ళకేసి చూస్తూ, "అదుగో, కొబ్బరిబోండాం కొట్టుకుపోతా ఉంది" అన్నాడు. నేను చూసేసరికి ఏమీ లేదు. "మునిగింది" అన్నాడు. "బోండాం ఎక్కడన్నా మునుగుతుందా నాన్నా!" అని అరిచాను. ఇంతలో కాస్త అవతల మళ్ళీ కనపడింది. నల్లగా, గుండ్రంగా, నీళ్ళ మీద క్షణం ఉండి కిందకి జారిపోయింది.

పక్కనే పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి మా అరుపులకి తలెత్తాడు. నలభైల్లో ఉంటాడు. "బోండాం కాదు పెద్దాయనా, తాబేలు. అది దాని తలకాయ. ఈ నెలల్లో వస్తయ్. పొద్దున్నించీ తేలతానే ఉన్నయ్" అన్నాడు.

"ఎందుకు తేలతన్నయ్? ఎండ కాగడానికా?"

"ఊపిరికండీ."

నాన్నకి వినపడలేదు. చెవి దగ్గరికి పోయి, "ఊపిరికంట నాన్నా! ఊపిరి తీసుకోడానికి పైకొస్తాయి!" అని అరిచాను.

నాన్న నావంక అనుమానంగా చూశాడు. తెలుగు టీచరు చెబితే నమ్మాలా అన్నట్టు. "నీళ్ళల్లో పుట్టి నీళ్ళల్లో పెరిగేదానికి ఊపిరేందే?"

చేపకి మొప్పలుంటాయి, నీళ్ళలోనే సరిపోతుంది, తాబేలుకి అలా కాదు, మనకున్నట్టే ఊపిరితిత్తులుంటాయి, ఎంత లోతుకి పోయినా గాలి కోసం మళ్ళీ పైకి రావాల్సిందే అని చెప్పాను. డాల్ఫిన్ల సంగతి కూడా చెప్పాను. మా బళ్ళో సైన్సు మేడం పాఠం చెబుతుంటే పక్క గదిలోంచి విన్న చదువది.

"అయితే మన బాపతేనన్నమాట" అన్నాడు.

ఆ పొద్దున పరుపుల పని సాగలేదు. లాడ్జి ఆయన వచ్చి మొహం మాడ్చుకుని నిలబడినా నాన్న కదలలేదు. తాబేలు మునగగానే తనూ ఊపిరి బిగబట్టేవాడు. తల పైకి రాగానే వదిలేవాడు. ఆ వదలడంలో దగ్గు తెర కమ్ముకొచ్చేది. వద్దన్నా వినడే! ఆట దొరికిన పిల్లాడైపోయాడు. నేను నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకు కోపమేమీ రాదు. నాన్నతో నేను నవ్వుకున్న చివరి రోజులవి, వాటినీ పాడుచేసుకుంటానా?

ఇంటికొచ్చాక అదే కథ. షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. "సముద్రంలో ఉండేదానికి కూడా గాలి కావాలంటయ్యా. పైకొచ్చి ఒక్కసారి బుస్సున పీల్చుకుని పోద్దంట." నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు. ఎంతసేపు ఆపుకోగలదు? నిద్రపోయేటప్పుడు ఎట్టా? గుడ్లు ఇసుకలో పెడితే పిల్లలకి సముద్రం దారి ఎవరు చెబుతారు? నేను ఫోన్లో చూసి చెప్పేదాన్ని. అమ్మ విసుక్కునేది. "తాబేలు ఊపిరి సంగతి నీకెందుకయ్యా, నీ ఊపిరి సంగతి చూడు!"

చూడక తప్పలేదు. కళ్ళెలో నెత్తుటి చార కనపడింది. నాన్న దాచబోయాడు గానీ, తెల్లటి దూది మీద పడితే ఎక్కడ దాస్తాడు?

గుంటూరు తీసుకెళ్ళాం. బ్రాడీపేటలో ఊపిరితిత్తుల డాక్టరు. సందు నిండా కోచింగు సెంటర్ల పిల్లల స్కూటర్లు, పైన క్లినిక్కు, మెట్లెక్కేటప్పుడు నాన్న ఒక్కో మెట్టు మీదా ఆగాడు. స్కాను తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి, "కుడివైపు నీడ ఉందమ్మా. నీడ అంటే ఏదైనా కావచ్చు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే గానీ తేలదు" అన్నాడు. ముక్క తీశారు. ఫలితం వచ్చిన రోజు నాకు బళ్ళో పరీక్షల డ్యూటీ పడింది. అమ్మా నాన్నా ఇద్దరే వెళ్ళారు. మెట్లెక్కలేక అమ్మ కింద మందులషాపు అరుగు మీదే కూర్చుండిపోయింది. పైకి నాన్న ఒక్కడే వెళ్ళాడు.

సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. గేటు దగ్గరికే నెయ్యి వాసన. అమ్మ సేమ్యా పాయసం చేసి, దాని మీద ఫాతెహా చదివించి, గిన్నెల్లో పోసి వీధంతా పంచుతోంది.

"ఏం తేలలేదంటనే!" అని వీధిలోంచే అరిచింది.

మావాళ్ళు ఆ మాట ఎలా వాడతారో చెప్పాలి. మా వైపు తేలడమంటే మంచి సంగతి కాదు. పెద్దమనుషుల్లో కూర్చుంటే తప్పు తేలుతుంది. పోలీసులొస్తే దొంగతనం తేలుతుంది. ఆస్పత్రికి పోతే రోగం తేలుతుంది. ఏమీ తేలలేదంటే బతికి బయటపడ్డట్టే. ఎవరి మీదన్నా నింద పడి, విచారణ జరిగి, ఏమీ తేలకపోతే ఆ ఇంట్లో ఆ రోజు మాంసం వండుకుంటారు. అమ్మ పాయసం వండింది, అంతే తేడా. నాన్న మంచం మీద కూర్చుని, గెలిచొచ్చిన మనిషిలా నవ్వుతున్నాడు.

"రిపోర్టేదీ నాన్నా?" అని అడిగాను.

"వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. మళ్ళీ ఒకసారొచ్చి కనపడమన్నాడు. వాళ్ళు అట్టానే అంటార్లే."

అమ్మ గిన్నె చేతిలో పెట్టింది. తిన్నాను, మళ్ళీ అడిగి పోయించుకున్నాను. అన్నాళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగింది కదా, ఆకలేసింది.

మర్నాడు పొద్దున్నే మిషను మోత మా ఇంట్లోకి వినపడింది. రోగం లేదని తేలిన మనిషి ఇంక ఆగుతాడా! వెనకబడిన పనంతా మీదేసుకున్నాడు. దగ్గు తగ్గలేదు. అమ్మ వాము నీళ్ళు, మిరియాల కషాయం, దర్గా తాయెత్తు అన్నీ ప్రయోగించింది. నెత్తురు మళ్ళీ పడిందేమో, చెప్పలేదు. ఏం తేలలేదుగా అనేది మా ఇంట్లో అన్నింటికీ మందైపోయింది. ఆయాసంగా ఉందా? ఏం తేలలేదుగా. మనిషి తగ్గాడేంటి? ఏం తేలలేదుగా, ఎండలకి లే.

ఆ ఎండలు మొదలయ్యే రోజుల్లోనే మళ్ళీ ఓడరేవు ప్రయాణం. లాడ్జికి దిళ్ళు ఇవ్వాలన్నది వంక. అసలు సంగతి తాబేళ్ళు. "అవి ఎళ్ళిపోయేలోపు ఇంకోసారి చూడాలే" అని పిల్లాడిలా పోరుపెట్టాడు. దిళ్ళ మూట కట్టుకుని బస్సెక్కాం. పర్చూరు దాకా రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీల్లోంచి ఆ ఘాటు వచ్చి బస్సంతా తుమ్ములు, దగ్గులు. కండక్టరు కూడా దగ్గాడు. పర్చూరు దాటాక అందరివీ ఆగిపోయాయి. నాన్నది ఆగలేదు. జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. నేను వాళ్ళని చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఒడ్డున దిగేసరికి వాసన వచ్చింది. ఇసుకలో ఒక తాబేలు పడి ఉంది. అంత పెద్దదని నేను అనుకోలేదు. మేం ఎప్పుడూ తలకాయే చూశాం, కింద అంత శరీరం ఉంటుందని తట్టలేదు. పొట్ట ఉబ్బి, మెడ చాపుకుని, కళ్ళుండాల్సిన చోట గుంటలతో ఉంది. కాస్త దూరంలో కుక్కలు కూర్చున్నాయి. చీరాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండి వాళ్ళని తిట్టాను. టీచరు గొంతు కదా, వెళ్ళిపోయారు.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అవతల వల సర్దుకుంటున్న మనిషిని గుర్తుపట్టి అటు నడిచాడు. మొన్నటి మనిషే. ఈసారి అతని మొహం ముభావంగా ఉంది. మేం దగ్గరికి రాకముందే, "మా వలల వల్ల కాదండీ. లోపల పెద్ద బోట్లోళ్ళు లాగుతారు చూడండి, వాళ్ళ వల్ల" అన్నాడు. తాబేళ్ళ గురించి నిలదీయడానికి వచ్చామనుకున్నట్టున్నాడు. నాన్నకి అదేమీ వినపడలేదు. తన ధోరణిలో తను అడిగాడు.

"ఇయ్యాల ఏమన్నా తేలినయ్యా?"

"ఏం తేల్లేదండీ. నిన్నట్నించీ ఒక్కటి కూడా తేల్లేదు."

ఈ జవాబు గట్టిగానే వచ్చింది, నాన్న విన్నాడు. మొహం విప్పారింది. "పోన్లే. ఏం తేలలేదంటే బాగున్నట్టే గదా" అన్నాడు. అనుభవం మీద చెబుతున్నట్టు చెప్పాడు పాపం.

ఆ మనిషి చేతిలో వల వదిలేసి నాన్నవంక వింతగా చూశాడు.

"బాగుండటం ఏందండీ? బాగుంటే తేలతయ్. తేల్లేదంటే కింద వలల్లో బిగుసుకుపోయి ఉండయ్యని. ఊపిరికి పైకి రావాలా వద్దా? రాలేక ఆడనే చస్తయ్. చచ్చి ఉబ్బినాక అప్పుడు తేలతయ్. అదుగో, అట్టా."

చెయ్యెత్తి ఇసుకలో ఉన్నదాన్ని చూపించాడు. చెవుడని తెలుసు కాబట్టి అక్షరం అక్షరం వినపడేలా చెప్పాడు. ఎప్పుడూ వినపడని మనిషికి ఆ రోజు అంతా వినపడింది.

నాన్న ఇసుకలో కూలబడ్డాడు. అలిసిపోయాడనుకుని నీళ్ళ సీసా ఇచ్చాను. తాగలేదు, చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను దిళ్ళ మూట లాడ్జిలో ఇచ్చి తిరిగొచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు.

"అమ్మాయ్."

"ఆఁ."

"డాక్టరు కూడా ఏం తేలలేదనే అన్నాడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన పక్కనే కూర్చున్నాను.

"బాగుందని ఆయన అన్లా. ఏం తేలలేదన్నాడు. బాగుందని నేననుకున్నా" అన్నాడు.

"ఇంకేమన్నాడు నాన్నా? గుర్తు తెచ్చుకో. ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు. ఫ్యాను తిరగతా ఉంది, అవతల జనం. నాకు వినపడలా. తలూపి వచ్చా" అన్నాడు.

చెవుడున్నవాళ్ళకి అదొక అలవాటు. వినపడలేదని చెప్పడం నామోషీ. ఎదుటివాళ్ళని మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించడం ఇష్టం ఉండదు. తలూపితే ఇద్దరికీ మర్యాద. మా నాన్న పదేళ్ళుగా లోకానికి తలూపుతూ బతికాడు. పెళ్ళిళ్ళలో తలూపాడు, బేరాల్లో తలూపాడు, నేను తిడితే తలూపాడు. ఆ రోజు డాక్టరు ముందు కూడా అదే మర్యాద పాటించాడు.

ఎవరి మీద అరవాలో తెలియలేదు. సముద్రం మీద ఒక్క తల కూడా పైకి రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను. నాన్న చూడటం మానేశాడు.

"మీ అమ్మకి ఇప్పుడే చెప్పొద్దే. పాయసం పంచింది" అన్నాడు బస్సులో.

మర్నాడు సెలవు పెట్టి నేనే బ్రాడీపేట తీసుకెళ్ళాను. డాక్టరు గుర్తుపట్టాడు. "ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ? తీసిన ముక్కలో ఏమీ తేలలేదు, సరిపోలేదు, మళ్ళీ తీయాలి, వారంలో రమ్మని చెప్పాను కదా పెద్దాయనకి?" అన్నాడు. నాన్న నా మొహం చూసి, విషయం ఏమిటో పోల్చుకుని, మళ్ళీ తలూపాడు.

డాక్టరు తప్పేమీ లేదు. ఆయన మాట్లాడింది చక్కటి తెలుగు. బళ్ళో నేను నానార్థాలు చెప్పేటప్పుడు ఒక మాటకి రెండర్థాలు రాస్తే మార్కులు వేస్తాను, ఒకటే రాస్తే కొట్టేస్తాను. మా ఇంట్లో ఒకటే రాశారు. ఈ భాషని నేను ఎంత ముద్దు చేసుకున్నానో, ఎన్ని బళ్ళలో ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో తలుచుకుంటే, పుస్తకాలన్నీ తీసుకెళ్ళి ఆ షెడ్డులో పడేసి మిషన్లో వేయాలనిపించింది.

మళ్ళీ సూది గుచ్చారు. ఈసారి తేలింది. క్యాన్సరు. కుడివైపు నీడ ఎడమవైపుకీ పాకింది, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆపరేషను చేసే దశ దాటిపోయింది, మందులకి ఒళ్ళు తట్టుకోదు అన్నాడు. మొదటిసారే వచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. డాక్టరు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "చెప్పలేమమ్మా" అన్నాడు. అది మాత్రం ఎప్పటికీ తేలదు. ఆ ఒక్కటీ తేలక నేను చచ్చిపోతున్నాను.

అమ్మ నమ్మలేదు. "ఏం తేలలేదన్నాడుగా! ఆయనే అన్నాడుగా!" అని నాతో వాదానికి దిగింది. డాక్టరు ముందొకమాట వెనకొకమాట చెబుతున్నాడంది. క్లినిక్కు మార్చమంది. నేను అరిచి అరిచి విడమర్చి చెప్పాను. విన్నాక లేచి పెరట్లోకి పోయి, షెడ్డు తలుపు మూసి గొళ్ళెం పెట్టొచ్చింది. పాయసం తిన్న ఇరుగుపొరుగు ఎవరైనా ఎదురైతే అమ్మ తల దించుకుని పక్కకి తప్పుకునేది. ఏదో దొంగతనం చేసినదానిలా.

ముందుగదిలోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. షెడ్డులో మిషను ఆగింది, ఇంట్లో మిషను మొదలైంది. చిన్న మోతే. అంత నిశ్శబ్దంగా మా ఇల్లు ఎప్పుడూ లేదు. నెమ్మదిగా మాట్లాడుకోవడం మాకు రాదు కాబట్టి మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. కరెంటు పోతే మిషను ఆగేది. సిలిండరు తగిలించేలోపు నాన్న కళ్ళు మా చేతుల మీదే ఉండేవి. ఎండాకాలం, పేటలో కరెంటు పోని రోజేది?

పడుకోలేకపోయేవాడు. పడుకుంటే ఊపిరి అందదు. తన చేత్తో ఏకిన దిళ్ళే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒళ్ళో పెడితే, వాటి మీద మోచేతులు ఆనించి, మెడ ముందుకి చాపి, గడ్డం పైకెత్తి కూర్చునేవాడు. పగలూ రాత్రీ అలాగే. ఆ కూర్చోవడం దేనిలా ఉందో నాకు తెలుసు. నోటితో అనలేదు. ఆయనే అన్నాడు ఒక మధ్యాహ్నం, మాస్కు తీసి.

"తాబేల్లా ఉన్నానా?"

"లేవు నాన్నా."

"ఉన్నాలే." మళ్ళీ మాస్కు పెట్టుకుని, కాసేపు పీల్చుకుని, మళ్ళీ తీశాడు. "పాపం, అవి ఎంత కష్టపడతన్నయ్యో అనుకునేవాణ్ణి" అన్నాడు.

కారు మాట్లాడతాను, సిలిండరు పెట్టుకుని ఓడరేవు పోదాం, అక్కడ ఊపిరాడుతుందన్నావుగా అని అడిగాను. వద్దన్నాడు. "పోయినాక అయ్యి తేలకపోతే? నేను చూళ్ళేను" అన్నాడు. నేను బలవంతం చేయలేదు. నాకూ ధైర్యం లేదు.

ఒక పొద్దున బడికి తయారవుతున్నాను. అమ్మ గొంతు. ఫోను కాదు, వాళ్ళ పెరట్లోంచి నేరుగా కేక.

"అమ్మాయ్! మీ నాన్న కళ్ళు తేలేశాడే!"

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. మిషను తిరుగుతూనే ఉంది. కరెంటు ఉంది. మాస్కు మొహం మీదే ఉంది. నాన్న దిళ్ళ మీదే ఉన్నాడు, గడ్డం మాత్రం కిందికి వాలింది. నేను గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తాను. ఎత్తి పట్టుకుంటే ఊపిరి వస్తుందేమోనని చాలాసేపు అలాగే పట్టుకున్నాను. రాలేదు.

స్నానం చేయించి, కఫను గుడ్డ చుట్టే ముందు ముక్కులో దూది పెట్టారు. అమ్మ ఎక్కడుందో, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "దూది తియ్యండయ్యా! ఆయనకి ఊపిరాడదు, తియ్యండి!" అని చేతులు పట్టుకుని లాగింది. నలుగురు ఆడవాళ్ళం కలిసి పక్కకి తీసుకుపోవాల్సి వచ్చింది. దూది మంచిదే, మా షెడ్డులోదే.

మూడోరోజు ఫాతెహాకి చుట్టాలొచ్చారు. పొదిలి నుంచి నాన్నకి పెద్దమ్మ కూతురు వచ్చింది. పెద్దావిడ, నాన్నకి అక్క వరస. జబ్బు సంగతి ఆవిడకి ఆలస్యంగా తెలిసింది. అమ్మ పక్కన చాప మీద కూర్చుని, వీపు నిమురుతూ, అందరూ అడిగే మాటే అడిగింది.

"ఇంతకీ చివరికి ఏం తేలిందంటమ్మా?"

షెడ్డుకి గొళ్ళెం పెట్టిన రోజు నుంచీ అమ్మ ఆ మాట నోటితో అన్నది ఒక్కసారే, నాన్న కళ్ళు తేలేసిన పొద్దున. నేను చప్పున కల్పించుకుని ఏదో చెప్పబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా చెప్పింది.

"మనిషే తేలలేదొదినా."